కనబడు హింస, కనబడని హింస

శాసనము ముందు పుట్టి ప్రజల మనస్సును మార్చునా, ప్రజల మనస్సు ముందు మాఱి శాసనమును పుట్టించునా యను తర్కము సంఘసంస్కారమును గుఱించి ఆలోచించువారికి క్రొత్తది కాదు. 1829లో సహగమన నిషేధము జరిగిన నాడును, 1856లో వితంతు వివాహ శాసనము వెలసిన నాడును మన పెద్దలు దీనినే వాదించిరి. మనస్సు మాఱనిదే చట్టమేమి చేయగలదని యొకరు. చట్టము లేనిదే మనస్సెట్లు మాఱునని మఱియొకరు. ఈ తర్కమును నోరులేని జీవుల విషయమున, అనగా పాలకును, మాంసమునకును, గ్రుడ్లకును, సేద్యమునకును మనుష్యుడు పెంచు పశుపక్ష్యాదుల విషయమున పరిశీలించినయెడల మఱియొక సంగతి బయటపడును. ప్రజల కరుణ సాధారణముగా వారి కన్ను పోయినంత దూరమే పోవును. శాసనము ఆ కరుణ వెంట నడచును. కన్ను చేరని చోట రెండును నిలిచిపోవును. రెండువందల యేండ్ల చరిత్రను సంగ్రహముగ చెప్పి యీ మాటను నిరూపింప ప్రయత్నింతుము.

కథను ఇంగ్లండు దేశముతో ప్రారంభింపవలసి యున్నది. ఎద్దును గుంజకు కట్టివేసి, కుక్కలను ఉసికొలిపి, అవి దానిని కఱచుచుండగా చుట్టును మూగి కేకలు వేయుట ఆ కాలమున అచ్చటి ఊళ్లలో నొక వేడుక. దానిని మాన్పింపవలెనని 1800వ సంవత్సరమున సర్ విలియం పుల్టనీ కామన్సు సభలో నొక బిల్లు ప్రవేశపెట్టెను. విలియం విండ్‌హాం అను సభ్యుడు దాని నెదిర్చెను. ఇట్టి స్వల్పవిషయము పార్లమెంటునకు తగదనియు, బీదవానికున్న వినోదమును లాగివేయుట న్యాయము కాదనియు ఆయన వాదించెను. బిల్లునకు 41 ఓట్లు వచ్చెను. ఎదురుగా 43 వచ్చెను. రెండే రెండు ఓట్లతో అది పడిపోయెను. 1809లో, పూర్వము లార్డు ఛాన్సలరుగా నుండిన అర్స్కిన్ ప్రభువు విశాలమైన బిల్లొకటి తెచ్చెను. అది ప్రభువుల సభలో నెగ్గి కామన్సు సభలో ఓడెను.

తరువాతి ప్రయత్నము ఐర్లండులోని గాల్వే ప్రతినిధి రిచర్డు మార్టినుది. 1821లో ఆయన గుఱ్ఱములను హింసించుటను నిషేధింపవలెనని కోరుచుండగా, మఱియొక సభ్యుడు లేచి గాడిదలకును ఆ రక్షణ మీయవలెననెను. సభ నవ్వులో మునిగిపోయెను. ఆ నవ్వులలో పత్రికా విలేఖరికి మాటలు సరిగా వినబడనే లేదట! నేడు గాడిదలు, రేపు కుక్కలు, ఎల్లుండి పిల్లులు కాబోలునని పరిహాసములు సాగెను. ఐనను మార్టిను వెనుదీయలేదు. మఱుసటి యేడు, 1822 జూలై 22వ తేదీన, ఆయన పేరనే నేటికిని వ్యవహరింపబడు శాసనము వెలువడెను. గుఱ్ఱము, గాడిద, కంచరగాడిద, ఆవు, ఎద్దు, గొఱ్ఱె మొదలగు వానిని నిష్కారణముగ కొట్టి బాధించువానికి 10 షిల్లింగులు మొదలు 5 పౌనుల వఱకు జుల్మానా. చెల్లింపనిచో మూడు మాసములకు మించని చెఱ. నవ్విన సభయే యొక్క సంవత్సరములో ఓటు వేసినది. సంస్కారముల చరిత్రలో ఇది మనము గుర్తుంచుకొనదగిన విషయము: పరిహాసము తిరస్కారమువలె కనబడును గాని, పెక్కుమార్లు అది సమ్మతికి ముందుమెట్టు.

చట్టము పుట్టినంతనే పని ముగియలేదు. మార్టిను స్వయముగ సంతలకు పోయి నేరస్థులను పట్టి న్యాయస్థానమునకు తెచ్చెను. 1824లో లండనులోని యొక కాఫీ గృహమున కొందఱు కూడి పశుహింసా నివారణ సంఘమును స్థాపించిరి. బానిస వ్యాపారమును మాన్పించిన విల్బర్‌ఫోర్సు వారిలో నొకడు. సంఘమునకు నడుము కట్టిన ఆర్థర్ బ్రూం అను మతాచార్యుడు సంఘపు అప్పులకై ఋణగ్రస్తుల చెఱసాలకు పోవలసివచ్చెను. ఆ సంఘమే 1840లో రాణిగారి అనుగ్రహమున రాజసంఘమయ్యెను. ఇంతలో ఆబోతు చట్టములోని "పశువు" కాదని న్యాయస్థానములు తీర్పు చెప్పుటచే ఎద్దుల వేడుక మానలేదు. 1835లో మఱియొక శాసనము చేసి దానిని మూయవలసివచ్చెను.

ఇక్కడ మేము ఎదిరిపక్షపు మాటను కూడ న్యాయముగ వినవలసి యున్నది. విండ్‌హాం వాదములో విషమున్నను కొంత సత్యము లేకపోలేదు. ఎవరెవరికి శిక్ష పడెను? బండివానికి, గొఱ్ఱెలు తోలువానికి, గాడిదపై కూరగాయలమ్ముకొనువానికి. గుఱ్ఱమెక్కి వేటకుక్కలతో నక్కను తఱుము భూస్వామి జోలికి ఎవరును పోలేదు. దుర్గుణ నివారణ సంఘమువారు సంవత్సరమునకు అయిదువందల పౌనుల లోపు ఆదాయము గలవారి దుర్గుణములనే నివారింతురని సిడ్నీ స్మిత్ 1809లోనే యెత్తిపొడిచెను. ఇంగ్లండు వేల్సులలో నక్కల వేటను నిషేధించు శాసనము 2004వ సంవత్సరమున గాని రాలేదు. బీదవాని వేడుకకును ధనికుని వేడుకకును నడుమ నూటయఱువదితొమ్మిది యేండ్లు! సామాన్యజనులు ఇట్టి చట్టములను శంకతో చూచినచో ఆ తప్పంతయు వారిది కాదు. పట్టుబడిన బీదవాని జుల్మానాలో మార్టినే కొంత చెల్లించిన సందర్భములు గలవని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. ఆ శంకను ఆయన యెఱిగియే యుండును.

అయినను ఇంగ్లండు ప్రజల మనస్సు మాఱెను. ఎందుచేత? వారు ప్రతిదినమును చూచుచుండిరి గనుక. లండను నగరము నడుమ స్మిత్‌ఫీల్డు సంతకు పశువుల మందలను జనసమ్మర్దమైన వీధులగుండ తోలుకొని వచ్చెడివారు. దెబ్బలు, అఱపులు, బురద, నెత్తురు పాదచారుల కన్నుల యెదుటనే. దయగలవాడు చూడలేకపోయెను, దయలేనివాడు దారి దొరకక విసుగుకొనెను. ఇద్దఱును కలిసి 1855లో ఆ జీవపశువుల సంతను నగరమధ్యమునుండి తొలగించిరి. కరుణకు చూపే ఊపిరియైనది. కాని యొక్క విషయము గమనింపుడు: సంత తొలగినది కాని వధ తొలగలేదు, అది కంటికి దూరమైనది. కరుణ గెలిచిన దినమే అది నిద్రపోవుటకు పక్క కూడ సిద్ధమైనది.

ఈ చూపు సూత్రము మన దేశమునకు కూడ వచ్చెను. 1890వ సంవత్సరపు 11వ ఆక్టు, అనగా ఆనాటి హిందూదేశ పశుహింసా నివారణ చట్టము, వీధిలోగాని, జనులు వచ్చిపోవు చోటగాని, వీధిలోనివారి కంటబడునట్లుగాని చేసిన హింసనే ప్రధానముగ నేరముగా నెంచినది. నడివీధిలో ఎద్దును కొట్టినచో నేరము. తలుపు మూసి కొట్టినచో చట్టము గడప దాటి లోనికి తొంగి చూడదు. పశువు బాధ తగ్గింపవలెనా, చూచువాని మనస్తాపము తగ్గింపవలెనా యను సంగతి ఆ చట్టము వ్రాసినవారికే స్పష్టముగ తోచలేదేమో!

రెండవ మహాయుద్ధానంతరమున ఈ లోపము మహాబిలమయ్యెను. ఆకలిని చూచిన పాశ్చాత్య దేశములు చౌకగా, విస్తారముగ మాంసమును గ్రుడ్లును కావలెనని కోరెను. పశువు పొలమునుండి కొట్టములోనికి, కొట్టమునుండి బోనులోనికి పోయెను. కోళ్లు తీగె పంజరములలో వరుస మీద వరుసగా; చూడిపందులు ప్రక్కకు తిరుగరాని ఇనుపగూళ్లలో; లేతమాంసమునకై పెంచు దూడలు చీకటి కఱ్ఱగూళ్లలో. ఇక్కడ కొరడా లేదు. కోపము లేదు. ఎవడును ఎవనిని కొట్టుట లేదు. కావున 1822 నాటి నిర్వచనము ప్రకారము క్రూరత్వమే లేదు. గృహిణి అంగడిలో శుభ్రమైన పెట్టెలో నున్న గ్రుడ్లను చూచెను, పంజరమును చూడలేదు.

ఆ తలుపు తెఱచినది రూత్ హారిసన్ అను స్త్రీ. తన యింటికి వచ్చిన యొక కరపత్రములో దూడల దుస్థితిని చదివి, ఆమె ఆ ఫారములను గుఱించి విచారించి, 1964లో "యానిమల్ మెషీన్స్" అను గ్రంథమును ప్రకటించెను. దానికి పీఠిక వ్రాసినది పురుగుమందుల అపాయమును లోకమునకు చాటిన రేచల్ కార్సన్. ప్రజలు కలవరపడిరి. ప్రభుత్వము బ్రాంబెల్ అను జంతుశాస్త్ర పండితుని అధ్యక్షతను విచారణ సంఘమును నియమించెను. 1965లో ఆ సంఘము చెప్పిన మాట మిక్కిలి సామాన్యము: జంతువు లేచి నిలుచుటకును, పండుకొనుటకును, చుట్టు తిరుగుటకును, తన యొడలు తాను సవరించుకొనుటకును, అవయవములు చాచుటకును చోటుండవలెను. ఇంత మాత్రము చెప్పుటకు పండితుల సంఘము కావలసివచ్చినదని ఆశ్చర్యపడుదుము. కాని 1968 చట్టము అనవసరమైన బాధను నేరముగా జేసి, తక్కినదానిని పెంపకందార్ల మంచితనమునకు విడిచెను. చూడిపందుల గూళ్లు బ్రిటనులో నిషేధింపబడునప్పటికి 1999. యూరపు సమాఖ్యలో కోళ్ల వట్టి పంజరములు తొలగునప్పటికి 2012. ఆ నడుమ అచ్చట కోడికొక్కటికి విధించిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు. మనము అర్జీ వ్రాయు కాగితము వైశాల్యము దానికంటె నెక్కువ.

ఇక ప్రజల అభిప్రాయమెట్టిదో నేరుగా తెలిసికొను అవకాశము అమెరికాలో కలిగెను. అచ్చటి కొన్ని రాష్ట్రములలో చట్టములను ప్రజలే ఓటు వేసి చేసికొనవచ్చును. 2002లో ఫ్లోరిడావారు చూడిపందుల గూళ్లను నిషేధించిరి. 2008లో కాలిఫోర్నియావారు పందులకు, దూడలకు, కోళ్లకు తిరుగ చోటీయవలెనని నూటికి 63 మందికి పైగా ఓటిచ్చిరి. 2016లో మస్సాచుసెట్సులో నూటికి 77 మందికి పైగా అట్టి చట్టమునే కోరిరి. 2018లో కాలిఫోర్నియావారు మఱియొక అడుగు వేసి, ఇతర రాష్ట్రములనుండి వచ్చు సరకునకు కూడ ఆ నియమమునే విధించిరి. పందుల వర్తకులు అభ్యంతరపెట్టగా 2023లో అమెరికా సుప్రీముకోర్టు ఆ చట్టమును నిలిపెను. అదే 2023లో యూరపు సమాఖ్యవారు జరిపించిన విచారణలో, పెంపుడు పశువులకు ఇప్పటికంటె మెఱుగైన రక్షణ కావలెనని నూటికి 84 మంది చెప్పిరి.

ఇంతమంది కోరుచుండగా పంజరములెందుకుండెను? 2008 నాటికి అమెరికాలో గ్రుడ్లు పెట్టు కోళ్లలో నూటికి తొంబదికి పైగా పంజరములలోనే యుండెను. అనగా ఓటు వేసిన చేయియే ఆ గ్రుడ్లను కొనుచుండెను. దీనిని కపటమని కొట్టివేయువారు కలరు. పెంపకందార్లును ఇదే యడుగుదురు: మీకంత దయ యున్నచో ధర యెక్కువైన గ్రుడ్లు కొనరాదా? ఈ ప్రశ్నకు జవాబున్నది. అంగడిలో నిలుచువాడు ఒంటరి. చేతిలో డబ్బు లెక్క, ఎదుట పెట్టె, వెనుక జనము. తానొక్కడు మానినంత మాత్రమున ఒక్క పంజరమైనను తెఱచుకొనదని వానికి తెలియును. ఓటు వేయునప్పుడో, అందఱును కలిసి భారమును మోయుదురను ధైర్యముతో తన నిజమైన మనస్సును చెప్పును. కావున చట్టమనగా పరుల నెత్తిన రుద్దు నీతి కాదు. మనము ఒంటరిగా నిలుపుకొనలేని మాటను అందఱము కలిసి నిలుపుకొను కట్టుబాటు.

అట్లని ప్రజలెల్లప్పుడు "సరే" యందురని తలపరాదు. స్విట్జర్లండు దేశమును చూడుడు. 1978లో అచ్చటి ప్రజలు నూటికి ఎనుబదిమందికి పైగా పశురక్షణ చట్టమును ఆమోదించిరి. దానివలన 1991 ముగియునప్పటికి కోళ్ల పంజరములు తొలగిపోయెను. ఆ ప్రజలే 2022 సెప్టెంబరులో, పశువుల కార్ఖానా పెంపకమును నిర్మూలింపవలెనను ప్రతిపాదనను నూటికి 63 మందికి దగ్గరగా త్రోసిపుచ్చిరి. దయ తగ్గినదా? కాదు. మా చట్టము ఇదివఱకే కఠినము, ధరలు పెరుగును, దిగుమతులకు చిక్కులు వచ్చును అను మాటలు వారికి ఎక్కువగ తోచెను. బ్రిటను అనుభవము కూడ ఆలోచింపదగినది. అచ్చట 1999లో పందుల గూళ్లను నిషేధింపగా, యూరపులో తక్కినవారికి అట్టి నియమము, అదియు పాక్షికముగ, 2013లో వచ్చెను. ఆ నడుమ బ్రిటను రైతు తన పందికి చోటిచ్చి, చోటీయని పరదేశపు మాంసముతో పోటీ పడవలసివచ్చెను. అట్టి చట్టము బాధను తగ్గింపక సముద్రమునకు ఆవలి యొడ్డునకు పంపును. మఱల కంటికి దూరము! కాలిఫోర్నియావారు దిగుమతులకు కూడ నియమము పెట్టుటలోని వివేకమిదియే.

ఇక మన యింటి సంగతి. మనము నవ్వినవారము కాము. పశువును పూజించువారము, పండుగనాడు ఎద్దు కొమ్ములకు రంగు వేయువారము. 1952లో రాజ్యసభకు నియమింపబడిన రుక్మిణీదేవి అరండేల్ పశుహింసా నివారణకై స్వయముగ బిల్లు తెచ్చెను. ప్రభుత్వమే సమగ్రమైన శాసనమును తెత్తునని మాటిచ్చుటచే ఆమె దానిని ఉపసంహరించుకొనెను. అట్లు వచ్చినదే 1960 చట్టము. అది 1890 నాటి గడపను దాటినది. ఏ జంతువునైనను, ఎత్తు పొడవు వెడల్పులు చాలక కదలుటకు తగిన అవకాశమీయని పంజరమున బంధించుట నేరమని అందు స్పష్టముగ నున్నది. బ్రాంబెల్ సంఘము నోరు తెఱచుటకు అయిదేండ్ల ముందే మనము వ్రాసికొన్న మాట యిది! కాని ఆ నేరమునకు మొదటిసారి విధించిన జుల్మానా యాబది రూపాయలకు మించనిది.

ఆ మాట వ్రాసికొన్న తరువాతనే తీగె పంజరములు మన నాట విస్తరించెను. గంప క్రింద పొదిగి, పెరటిలో గింజలేఱుకొను కోడి ముందుతరము వారి కోడి. 2023వ సంవత్సరపు ప్రభుత్వ గణాంకములలో గ్రుడ్ల ఉత్పత్తికి ఆంధ్రప్రదేశము మొదటిది, తెలంగాణము మూడవది. దేశమున పుట్టు గ్రుడ్లలో ఇంచుమించు మూడవవంతు ఈ రెండు తెలుగు రాష్ట్రములవే. గోదావరి జిల్లాలలోను, హైదరాబాదు చుట్టుపట్లను పొడవైన కోళ్ల షెడ్లను రైలులోనుండి మనమందఱము చూచినవారమే. లోపల చూచినవారెందఱు? 2017లో లా కమిషను ఈ కోళ్ల పోషణను గుఱించియే యొక నివేదిక సమర్పించి నియమములు సూచించినది. మన యిండ్లలో దానిని గుఱించిన చర్చ వినబడలేదు. బండి యెద్దు మెడ మీది పుండును చూచి బండివానిని తిట్టుదుము. పెట్టెలోని గ్రుడ్డును చూచి ధర యడుగుదుము. ఈ వ్యాసము వ్రాయుచున్న మేమును ఆ యలవాటునకు వెలి కాము.

ధర యడుగుట తప్పని మేమనము. బడిలో మధ్యాహ్న భోజనముతో పెట్టు గ్రుడ్డు అనేకులగు బీదపిల్లలకు బలము. కోడికి చోటిచ్చుటకై ఆ పిల్లవాని విస్తరిలో గ్రుడ్డు తగ్గవలెననువాడు కరుణను తలక్రిందులు చేయుచున్నాడు. చిన్న పెంపకందారు అప్పు చేసి షెడ్డు వేసినాడు. ఒక్క యుత్తరువుతో వానిని ముంచుట విండ్‌హాం వాదమును నిజము చేయుటయే. కావున మార్పునకు గడువుండవలెను, రైతునకు సాయముండవలెను, బయటినుండి వచ్చు సరకునకును అదే నియమముండవలెను. బడిపిల్లల గ్రుడ్లను కొనునది ప్రభుత్వమే. హెచ్చు వెలను అదే భరింపవచ్చును. తక్కిన భారమును సుఖముగ నున్న మనబోటివారు మోయవలెను. 1822 నాటి తప్పును మఱల చేయరాదు: బండివానికి జుల్మానా, పెద్ద వ్యాపారికి నమస్కారము అను న్యాయము పశువునకును మేలు చేయదు, చట్టమునకును గౌరవము తేదు.

మనము క్రొత్తగా వ్రాసికొనవలసిన ధర్మమేమియు లేదు. కదలుటకు చోటుండవలెనని మన చట్టము 1960లోనే చెప్పినది. ఆ మాట షెడ్డు తలుపు దాటి లోనికి పోవలెను. అందులకు ముందు మన చూపు పోవలెను. పుల్టనీ నాడు రెండు ఓట్లు తక్కువయ్యెను. ఆ రెండు ఓట్లు పార్లమెంటులో పుట్టలేదు. వీధిలో హింసను చూచి యింటికి పోయి నిద్రపట్టని వారి యిండ్లలో పుట్టినవి. మన యిండ్లలో నేడు అన్నము వడ్డించునప్పుడు, ఈ గ్రుడ్డు ఎక్కడినుండి వచ్చినదని పిల్లలడిగినచో, తెలియదని చెప్పుట మానుదము. తెలిసికొని చెప్పుదము. అంతవఱకైనను మన చేతిలోని పని.